ఒటుబియా చివరి కాల్

అన్యాయం ఎవరికి జరిగింది? డెడేకు జరిగింది. ఎలా జరిగింది? బతికున్న మనిషి నోటితో ఇచ్చిన ఇంటిని, ఆ మనిషి కన్నుమూయగానే, ఆ మాట విన్నవాడే విననే లేదని బొంకి లాక్కోబోయాడు. ఇంతవరకు నడిచిన కథంతా ఈ రెండు జవాబులలోనే ఉన్నది. మిగిలినది వివరం.

కొండమీది ఊరిలో రొట్టెల భట్టీ నడిపిన ఒటుబియాకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. క్రోబో ప్రాంతం నుంచి పూసలు అమ్ముకుంటూ వచ్చి, జ్వరంతో ఆమె అరుగు మీదనే ప్రాణం విడిచిన ఒక పరాయి స్త్రీ చంటిబిడ్డే డెడే. ఒటుబియా ఆ బిడ్డను వీపున కట్టుకొని పెంచింది. అయితే ఆ సీమలో వంశం తల్లి రక్తంతో నడుస్తుంది. పెంచిన బిడ్డకు ప్రేమ దక్కుతుంది గాని ఇల్లు దక్కదు. ఇవ్వదలచినదేదో బతికుండగానే సాక్షుల ఎదుట ఇవ్వాలి. పుచ్చుకున్న మనిషి పానీయం పెట్టి కృతజ్ఞత చెప్పాలి. ఇచ్చిన పక్షం ఆ పానీయాన్ని స్వీకరించాలి. దానినే అసెడా అంటారు. అసెడా జరగని దానం గాలిలో కలిసిన మాట.

ఒటుబియా కింది పట్నంలో ఆసుపత్రి మంచాన ఉన్నప్పుడు ఆ తంతు వీడియో కాల్‌లో జరిగింది. ఇక్కడ డెడే పక్కన సాక్షిగా నిలిచిన పొరుగింటి లార్బీ తాత ఒటుబియా కంటే ముందే పోయాడు. అక్కడ ఆమె కోసం ఫోను పట్టుకొని నిలిచినవాడు ఆమె అక్క కొడుకు, వంశానికి పెద్ద, అసియెడు. భట్టీతో సహా ఇల్లు ఖాళీ చేయమంటున్నవాడూ అతడే. సంతాప సభలో, బంధువులందరి ఎదుట, "అలాంటి మాట మా పిన్ని అననే లేదు" అని అతడు గుండె మీద చేయి వేసుకొని చెప్పాడు. డెడే లేచి నిలబడి, "ఆ కాల్ నా ఫోన్‌లో రికార్డయి ఉంది" అన్నది. మనం ఆగినది అక్కడ.

*

తెరచిన కిటికీలలోంచి పొద్దుటి మంచు లోపలికి వస్తున్నది. నలుపు, ఎరుపు గుడ్డలు కట్టుకున్న బంధువులు గోడల వెంబడి వరుసగా కూర్చున్నారు. ఒటుబియా కుర్చీకి నల్లగుడ్డ చుట్టి, టీవీ పక్కన ఖాళీగా ఉంచారు.

ముందుగా నోరు విప్పినవాడు అసియెడే.

"కాల్ రికార్డవడమేమిటే? అదేమన్నా రేడియోనా?"

"ఫోన్‌లోనే ఉంటుంది అన్నయ్యా," అన్నది డెడే. "తెర పైనుంచి వేలితో కిందికి లాగితే టార్చిలైటు గుర్తు, విమానం గుర్తు వస్తాయి చూడండి, వాటి పక్కనే ఇంకోటుంటుంది. అది నొక్కితే మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి, ఆ తర్వాత తెర మీద ఏం కనపడితే అది పట్టేస్తుంది. విడిగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు."

"దొంగతనంగా పట్టావన్నమాట."

"దొంగతనమెందుకు? అమ్మతో చెప్పే పట్టాను. నీ మొహం దాచుకుంటానమ్మా అన్నాను. నవ్వి, దాచుకో అంది."

ఆ సభలో అందరికన్నా పెద్దది అడువా అవ్వ. వంశపు ఆడవాళ్ళ తరఫున తీర్పు చెప్పగల మనిషి ఆమె ఒక్కతే. చేతికర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకొని, కళ్ళు మూసుకొని వింటున్నదల్లా కళ్ళు తెరిచింది.

"పెట్టు. అందరం చూస్తాం."

డెడే ఫోనును టీవీకి కలిపింది. తెర వెలిగింది. మరుక్షణం ఒటుబియా తన ఇంట్లోకి తానే వచ్చింది.

మంచం మీద ఆనుకొని కూర్చున్న ఆమె నడుము దాకా తెర నిండా ఉన్నది. చెంపలు లోపలికి పోయి, కళ్ళు పెద్దవయి, తలకు కట్టిన గుడ్డ కాస్త జారి ఉన్నది. పక్కనే ఆమె ఖాళీ కుర్చీ, తెరలో ఆమె ముఖం. ముందు వరుసలోని ఒక ముసలామె తల వంచుకొని, గుడ్డ చెంగును కళ్ళకు అడ్డం పెట్టుకున్నది. ఎవరో వెనకనుంచి, "ఒటుబియా, మంచిదారిన వెళ్ళు తల్లీ, వెనక్కి చూడకు," అని గొణిగారు. ఆమె మాత్రం వెనక్కే చూస్తున్నది. రెప్ప వేస్తున్నది. ఊపిరి తీస్తున్నది. పెదవులు కదిలిస్తున్నది.

శబ్దం లేదు.

"టీవీ గొంతు పెంచండి."

"పెంచాను."

"ఇంకా పెంచు మరి!"

"ఇంకెక్కడికి పెంచేది? పైదాకా పెంచేశాను, గోడ కూలిపోతుంది!"

శబ్దం లేనే లేదు. పెదవులు ఆడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ ఆడుతున్నాయి. హాలులోని పెద్దలందరూ ముందుకు వంగి, చెవుల వెనుక అరచేతులు పెట్టుకొని, చనిపోయిన మనిషి వైపు మొగ్గారు. ఎంత వంగినా ఆమెకూ వాళ్ళకూ మధ్య ఉన్న దూరం తగ్గలేదు.

డెడేకు అప్పుడు అర్థమయింది. రికార్డు మొదలయ్యే ముందు ఒక చిన్న గడి కనబడి, ఏ శబ్దం పట్టమంటావని అడుగుతుంది. వద్దా, ఫోన్ లోపలిదా, గదిలోదా? ఆ రోజు కళ్ళ నిండా నీళ్ళతో ఉన్న పిల్ల ఆ గడిని చదవలేదు. అది 'శబ్దం వద్దు' దగ్గరనే ఉండిపోయింది. రోజూ ఒక్కతే ఉన్నప్పుడు ఆ ముఖాన్ని చూసుకుంటూనే ఉన్నది గాని, తన ఫోను గొంతు ఎప్పుడూ తగ్గించే ఉంచుకొన్నందున ఆ సంగతి ఆమెకు ఈ క్షణం దాకా తెలియదు. అమ్మ మాటలు జ్ఞాపకంలో వినబడుతుంటే, ఫోనులో వినబడుతున్నాయనే అనుకున్నది.

అసియెడు కుర్చీలో వెనక్కి వాలాడు. నవ్వు పెద్దగా నవ్వలేదు. పెద్దగా నవ్వవలసిన అవసరం లేనివాడు నవ్వే నవ్వు అది.

"నోరు లేని సాక్షిని తెచ్చావే డెడే."

అదే సమయంలో తెర పైభాగాన ఒక సందేశపు పట్టీ జారి కనబడింది. కాల్ నడుస్తుండగా డెడే ఫోనుకు వచ్చి, ముఖంతో పాటు రికార్డులో చిక్కుకున్న సందేశం: 'శనివారానికి రొట్టెలు చెప్పాను, మరిచిపోకు.'

"అదిగో! చదివారా అందరూ?" అసియెడు చేయి చాచాడు. "రొట్టెలు. ఆ రోజు మాట్లాడింది రొట్టెల గురించే. పిండి పులిసిందా, కట్టెలు తడిశాయా అని అడిగింది పాపం. ఫోన్ పట్టుకున్నవాణ్ణి నేను. నాకంటే ఎవరికి తెలుస్తుంది?"

తెర మూలన ఉన్న చిన్న చదరంలో డెడే రూపమే కనబడుతున్నది. మోకాళ్ళ మీద కూర్చొని, ష్నాప్స్ సారా సీసాను రెండు చేతులా ఎత్తి పట్టుకొని, తల వంచి ఉన్నది.

"మరి ఆ సీసా ఏంటి?" అడిగింది అడువా అవ్వ.

"పక్కన లార్బీ తాత ఉన్నాడు కదవ్వా. సీసా కనపడకపోతే ఆయన ఎక్కడైనా పొద్దుపోయేదాకా నిలబడి ఉంటాడా?"

సభ నవ్వింది. జవాబు చెప్పుకోలేని చచ్చినవాడి మీద నవ్వడం సులువు. సులువైన నవ్వుతో తీర్పులు జరిగిపోవడం ఆ ఊరికీ కొత్త కాదు, ఏ ఊరికీ కొత్త కాదు. డెడే ఫోను వైపు చేయి చాచింది, ఆపేద్దామని.

ఆ చేతిని ఇంకొక చేయి పట్టుకున్నది.

చివరి వరుసలోంచి, కుర్చీల మధ్యగా, ఎవరినీ అడగకుండా నడిచి వచ్చిన మనిషి కోరామా. ఒటుబియా ఈడుది, చిన్ననాటి నేస్తం. పుట్టుకతోనే చెవులు వినబడవు. హాలులో ఉన్న అందరూ శబ్దం కోసం వెతుకుతున్నంతసేపూ ఆమె ఒక్కతే వెతకలేదు. ఆమె అప్పటికే వింటున్నది.

ఆమె వేలితో గాలిలో ఒక చుట్టు చుట్టింది: మళ్ళీ మొదటినుంచి. తరువాత కాలితో నేలను గట్టిగా రెండుసార్లు తట్టి వంటింటి వైపు చేయి ఊపింది.

"ఏంటే నీ గోల! మొక్కజొన్న కెంకే ముద్దల పొట్లాలు విప్పేది ఎవరు, నువ్వా?" అంటూ, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది ఆమె చెల్లెలు జాంఫువా. ఈమెకు చెవులున్నాయి, నోరు అంతకన్నా ఉన్నది. తెర మీద ఒటుబియాను చూసి ఆమె గడప దగ్గరనే నిలబడిపోయింది. "అమ్మో. మాట్లాడుతోందే."

"మాట్లాడుతోంది, మాకు వినపడట్లేదు," అన్నది డెడే.

"వినపడ్డమేంటి పిల్లా, ఆ చేతులు చూడు!"

కొండ కింద ఒక ఊరున్నది. తరతరాలుగా అక్కడ చెవులు వినబడని బిడ్డలు ఎందరో పుడతారు. అందుచేత వినబడేవారు కూడా చేతులతో మాట్లాడుతూనే పెరుగుతారు. ఒటుబియా పుట్టినది ఆ ఊరిలో. నోటితో ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చేతులు ఊరుకునేవి కావు, పక్కన చెవిటివాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకూ మాట అందాలన్న చిన్ననాటి అలవాటు. కొండమీది వాళ్ళు దానిని ఒటుబియా చపలత్వమనుకొని నవ్వేవారు. డెడేకు కూడా అన్నం, నిద్ర, రొట్టె వంటి రెండు మూడు చేతిమాటలే వచ్చు. ఇక అసియెడు అక్రాలో పెరిగి, బడి సెలవులకు మాత్రమే ఆ ఊరు వచ్చినవాడు. ఆసుపత్రిలో అతడు ఎంతో శ్రద్ధగా పిన్ని కోసం ఫోను పట్టుకున్నాడు. అందువల్ల ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"అవ్వా, ఒక్క మాట," అసియెడు లేచాడు. గొంతు మారింది. "ఎవరి సాక్ష్యం వింటున్నారు మీరు? ఈమె ఎవరో మరిచారా? కింది ఊళ్ళో కోకో గింజల కొట్టం తగలబడ్డప్పుడు, లోపల మన పెద్దమామ కాలిపోతూ అరుస్తుంటే, పది అడుగుల దూరంలో వీపు తిప్పుకొని మొక్కజొన్న చెరుగుతూ కూర్చున్న మనిషి! ఆ నిప్పు ఎవరి పొయ్యిలోదో ఇప్పటికీ తేలలేదు. అలాంటిదాని చేతిమాటతో ఇల్లు రాసిస్తారా?"

ఆ కథ అందరికీ తెలుసు. కోరామాను ఆనాడు పెద్దల ముందు నిలబెట్టారు. మంటకు వీపు తిప్పుకొన్న స్త్రీ దోషి కాక మరెవరని అడిగారు. యువతిగా ఉన్న ఒటుబియా లేచి, చెవులు లేని మనిషి అరుపులు ఎలా వింటుందని అడిగి, ఆ నిప్పు ఆమెది కాదని ఒట్టు పెట్టి విడిపించింది. శిక్ష తప్పింది. అనుమానం మాత్రం తప్పలేదు. ఆనాటి నుంచి ఇరుగుపొరుగు ఆమె పొయ్యిలోంచి ఒక్క నిప్పుకణిక కూడా అడిగి పట్టుకుపోలేదు. ఎవరూ పసిబిడ్డను ఆమె చేతికి ఇవ్వలేదు. అసియెడు పెదవులను చదివిందో, జనం చూపులను చదివిందో, కోరామా నిటారుగా నిలబడి ఉన్నది.

అడువా అవ్వ కర్రను నేలకు ఆనించింది. "కింది ఊరివాళ్ళు ఇక్కడ ఇంకొందరున్నారు. తప్పు చెపితే వాళ్ళు పట్టుకుంటారు. కూర్చో అసియెడు. చెప్పనీ."

రికార్డు మళ్ళీ మొదలయింది. కోరామా తెర పక్కన నిలబడి, ఒటుబియా చేతులు ఏమన్నవో తన చేతులతో తిరిగి అన్నది. జాంఫువా దానికి గొంతు ఇచ్చింది. నోటి దురుసుకు పేరుపడిన ఆ మనిషి గొంతు మెల్లగా, తడబడకుండా నడిచింది.

"డెడే, లార్బీ అన్న పక్కనున్నాడా? మంచిది. అసియెడు, ఫోన్ కదిలించకు, నువ్వూ విను. నా సొంత కష్టంతో కట్టుకున్న ఇల్లు ఇది, వంశంది కాదు. ఈ ఇల్లు, వెనక భట్టీ, నా బిడ్డ డెడేకి ఇస్తున్నాను. ఎవరూ దాన్ని బయటికి పంపడానికి లేదు. ఆ సీసా నేను పుచ్చుకున్నట్టే. నాకు ఇప్పుడు గొంతు దిగదు, నా బదులు ఇంటికెళ్ళి ఒక్క గుక్క నువ్వు తాగు అసియెడు. తాగుతావుగా? ఆఁ, తల ఊపాడు."

కింది ఊరి ముసలివాళ్ళు ఇద్దరు, ఒకరినొకరు చూసుకోకుండానే తలలు ఆడించారు. "అదే అంది. అక్షరం పోలేదు," అన్నాడు ఒకాయన.

డెడే ఏడవలేదు. వెళ్ళి అమ్మ ఖాళీ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నది.

అసియెడు తెలివైనవాడు. ఓడిన చోట మొండికేసేవాడు కాదు. "అయ్యో, పిన్ని మాట ఇదని తెలిస్తే నేను అడ్డమొచ్చేవాణ్ణా? ఆసుపత్రి గొడవలో సరిగ్గా వినలేదు, అంతే. ఏదీ, ఆ సీసా తెండి." తెచ్చారు. గ్లాసులో పోశారు. గతించిన పెద్దల కోసం నేల మీద ఒక చుక్క వదిలి, మిగిలినది అందరూ చూస్తుండగా తాగాడు. అసెడా పూర్తయింది. ఇల్లు డెడేది అయింది. ఆడవాళ్ళు చప్పట్లు చరిచారు. "ఇక ఆ టీవీ ఆపండి, పోయిన మనిషిని అలా నిలబెట్టి ఉంచకూడదు," అన్నాడు అతడు మూతి తుడుచుకుంటూ.

కోరామా తెర ముందునుంచి కదలలేదు. అరచేయి అడ్డం పెట్టింది. ఆపవద్దు.

అంతవరకు సన్నగా వణుకుతూ ఉన్న బొమ్మ అప్పుడు ఒక్కసారిగా నిశ్చలమయింది, కాస్త పక్కకు ఒరిగింది. ఎవరో పిలిస్తే అసియెడు ఫోనును నీళ్ళసీసాకు ఆనించి, తలుపు వరకు వెళ్ళిన క్షణం అది. ఒటుబియా కళ్ళు ఒకసారి పక్కకు, తలుపు వైపు తిరిగి మళ్ళీ సూటిగా వచ్చాయి. పెదవులు మూసుకున్నాయి. నోరు పూర్తిగా మూసి ఉండగా, దుప్పటి మీద చేతులు రెండూ లేచాయి.

కోరామా చూసింది. ఆమె చేతులు ఆగిపోయాయి. జాంఫువా చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నది.

"ఏమంది?" అన్నది అడువా అవ్వ.

"అనడానికేముంది, దుప్పటి సర్దుకుంటోంది," అన్నాడు అసియెడు.

"నిన్నడగలేదు. నోరు మూసుకొని చేతులతో మాట్లాడిన మనిషి ఎవరికి వినపడకూడదనుకుందో నాకు తెలియాలి. జాంఫువా, చెప్పు."

"నావల్ల కాదవ్వా."

కోరామా చెల్లెలి భుజం మీద చేయి వేసింది. తరువాత ఒటుబియా అన్న మాటలను, ఒక్కొక్కటిగా, తనమీద తానే చదువుకుంటున్నట్టుగా, చేతులతో అన్నది. జాంఫువా గొంతు విప్పింది.

"కోరామా. డెడే ఇది దాచుకుంటుందట, ఏదో ఒక రోజు నీ కంటపడుతుంది. ఆ రోజు సభలో కొట్టానికి నిప్పు పెట్టింది నువ్వు కాదని చెప్పాను. పెట్టింది ఎవరో మాత్రం చెప్పలేదు. నేను చూశాను. చాటున కూర్చొని సిగరెట్టు తాగి, గడ్డిలో పారేసి పరిగెత్తాడు. మా అక్క నా కాళ్ళు పట్టుకుంది. పసివాడు, కావాలని చేయలేదు, వాడి బతుకు పోతుందంది. నేను ఊరుకున్నాను. వాడి బతుకు నిలబడింది, నీది పోయింది. నీకు నేను సగం నిజమే ఇచ్చాను కోరామా. ఆ సగంతో ఇన్నేళ్ళు చీకట్లో బతికావు. మిగతా సగం ఇదిగో."

తెర మీద ఒటుబియా కుడిచేయి పైకి లేచింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి తన చెవితమ్మెను పట్టుకొని, రెండుసార్లు కిందికి లాగింది.

జాంఫువా దానికి గొంతు ఇవ్వలేదు. కింది ఊరిలో ప్రతి మనిషికీ నోటి పేరుతో పాటు ఒక చేతిపేరు ఉంటుంది. సెలవులకు వచ్చే ఏ పిల్లవాడికైనా అక్కడి పిల్లలు ముందుగా పెట్టేది అదే. ముసలివాళ్ళు ఇద్దరూ ఆ సైగను చూసి తలలు దించుకున్నారు.

అంతలో తెర పైనుంచి బూడిదరంగు పరదా కిందికి జారింది. రికార్డు ఆపడానికి ఆనాడు డెడే వేలితో లాగిన పరదా అది. అది ఒటుబియా నుదుటిని, కళ్ళను, చెవి దగ్గర నిలిచిన ఆ చేతిని వరుసగా కప్పేసింది. తెర నల్లబడింది.

హాలులో అందరూ ఒకే వైపు చూస్తున్నారు. కింది ఊరి చేతిమాటలన్నీ మరిచినవాడు కూడా తన పేరు మరవడు. అసియెడు కుడిచేయి, అతనికి తెలియకుండానే, లేచి అతని చెవిని గట్టిగా కప్పుకొని ఉన్నది.

"లేచి నిలబడు," అన్నది అడువా అవ్వ.

కోరామా అతని వైపు తిరగలేదు. నల్లబడిన తెరకు ఎదురుగా నిలబడి, ఎడమ అరచేతిని చాచి, దానిమీద కుడిచేతిని ఉంచి, రెండింటినీ గట్టిగా మూసి గుండెకు హత్తుకున్నది.

జాంఫువా దానికీ గొంతు ఇచ్చింది.

"ముట్టింది ఒటుబియా, అంటోంది మా అక్క. మొత్తం ముట్టింది."